కళ్ళు మూసుకున్న పది నిమిషాలు: పాఠశాలల్లో మైండ్‌ఫుల్‌నెస్‌పై ఒక విమర్శ

విమర్శ అంటే కథనో కవితనో చదివి గుణదోషాలు చెప్పడమేనని చాలామంది అనుకుంటారు. ప్రభుత్వ ఉత్తర్వు, బడి టైంటేబుల్, కోర్టు తీర్పు కూడా విమర్శకు తగిన రచనలే. వాటిలోనూ ఎవరో ఎవరితోనో మాట్లాడుతుంటారు. కొన్ని మాటలు ఏరుకుంటారు, కొన్నిటిని వదిలేస్తారు. ఈ పాఠంలో అలాంటి ఒక మాటను తీసుకుని పరిశీలిద్దాం. ఆ మాట ‘మైండ్‌ఫుల్‌నెస్’.

తెల్లాపూర్ మీలో కొందరికి తెలిసే ఉంటుంది. హైదరాబాద్ ఐటీ కారిడార్‌కు పడమటి అంచున, 2018లో పంచాయతీ నుంచి మున్సిపాలిటీగా మారిన ఊరు. ఇక్కడి గేటెడ్ కమ్యూనిటీల్లో పగలు ఉద్యోగం చేసి రాత్రి ఈ పాఠాలు చదువుకునేవారు కూడా మీలో ఉండవచ్చు. ఈ దారిలో కనిపించే ప్రైవేటు పాఠశాలల ప్రకటనలు ఒకసారి చదవండి. ఏసీ తరగతి గదులు, స్విమ్మింగ్ పూల్ సరసన ఇప్పుడు పిల్లల మానసిక ప్రశాంతత కూడా ఒక సదుపాయంగా చేరింది. అక్కడికి దగ్గర్లోనే కొల్లూరులో 2023 జూన్‌లో ప్రారంభించిన డబుల్ బెడ్‌రూమ్ ఇళ్ళ కాలనీ ఉంది. మొత్తం 15,660 ఇళ్ళు. నగరంలో వేర్వేరు బస్తీల నుంచి వచ్చిన కుటుంబాలకు ఇల్లు దొరికింది. పిల్లలకు మాత్రం కొత్త బడి, కొత్త బస్సు, కొత్త స్నేహితులు. ఇటు పిల్లలూ అటు పిల్లలూ బాగుండాలనే అందరూ అంటారు. ఆ బాగును ఎక్కడ వెతుకుతున్నారన్నదే మనం చూడవలసింది.

ముందుగా మాట సంగతి. బౌద్ధంలో పాళీ భాషలో ‘సతి’ అన్నదాన్ని ఇంగ్లీషులో మైండ్‌ఫుల్‌నెస్ అన్నారు. 1979లో అమెరికాలోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్య కేంద్రంలో జాన్ కబాట్-జిన్ దీర్ఘకాలిక నొప్పితో బాధపడే రోగుల కోసం దీన్ని మతంతో సంబంధం లేని శిక్షణగా మలిచాడు. అక్కడి నుంచి ఆఫీసులకు, సైన్యానికి, బడులకు పాకింది. తెలుగులో దీనికి దగ్గరి మాట ‘ఎరుక’. తనలో, తన చుట్టూ ఏం జరుగుతోందో తెలిసి ఉండటం. అయితే మన తరగతి గదిలో ఇంకో మాట ఎప్పటి నుంచో తిష్ఠ వేసి ఉంది: ‘బుద్ధిగా కూర్చో’. ఇక్కడ బుద్ధి అంటే తెలివి కాదని మీకు తెలుసు. కదలకుండా, ఎదురు మాట్లాడకుండా ఉండమని దాని అర్థం. కళ్ళు మూసుకోమని పిల్లలకు చెప్పినప్పుడు మనం నేర్పేది ఎరుకనా, బుద్ధిగా ఉండటమా? ఈ విధానంపై విమర్శంతా దాదాపు ఈ ప్రశ్నలోనే ఉంది. ఎరుక కలిగిన పిల్ల ‘నాకు నిద్ర చాలడం లేదు’ అని గుర్తిస్తుంది, బయటికి చెబుతుంది కూడా. బుద్ధిగా ఉండే పిల్ల ఆ మాటను మింగేస్తుంది.

ప్రభుత్వాలు దీన్ని ఎలా చేపట్టాయో ఇప్పుడు చూడండి. ఢిల్లీ ప్రభుత్వం 2018 జూలైలో నర్సరీ నుంచి 8వ తరగతి వరకు ‘హ్యాపీనెస్ కరికులమ్’ మొదలుపెట్టింది. పరీక్ష లేని పీరియడ్ అది, ధ్యాసతో మొదలై కథలు, చర్చలతో సాగేది. పరీక్ష లేదన్న ఒక్క గుణానికే దాన్ని మెచ్చుకోవాలి. అదే ఏడాది ఏప్రిల్‌లో అమరావతిలో ‘హ్యాపీ సిటీస్ సమ్మిట్’ జరిగింది. ఆనందం అన్నది మన దగ్గరా పాలనా పరిభాషలో చేరింది. బ్రిటన్‌లోనైతే 2015లోనే పార్లమెంటు సభ్యుల బృందం ఒకటి మైండ్‌ఫుల్‌నెస్‌ను బడుల్లో, వైద్యంలో ప్రోత్సహించాలని నివేదిక ఇచ్చింది.

అక్కడివాళ్ళు నివేదికతో ఆగకుండా దాన్ని పరీక్షకు పెట్టారు. ‘మిరియడ్’ అనే పెద్ద అధ్యయనంలో 8 వేలకు పైగా విద్యార్థులు పాల్గొన్నారు. కొన్ని పాఠశాలల్లో శిక్షణ పొందిన ఉపాధ్యాయులు మైండ్‌ఫుల్‌నెస్ పాఠాలు చెప్పారు, మిగిలిన చోట్ల మామూలుగా చెప్పే భావోద్వేగ పాఠాలే కొనసాగాయి. 2022లో ఫలితాలు వచ్చాయి. కుంగుబాటు ముప్పు తగ్గించడంలో గాని, క్షేమం పెంచడంలో గాని మామూలు పాఠాల కంటే ఇవి మెరుగని తేలలేదు. చాలామంది పిల్లలు ఇంటి దగ్గర ఆ సాధన చేయనే లేదు. ఉపాధ్యాయులకు మాత్రం కొంత మేలు కనిపించింది. నాకు ఇందులో ఆశ్చర్యమేమీ లేదు. నేర్చుకోవాలని ఎంచుకున్నది వాళ్ళు, పిల్లలకు అది మరో పీరియడ్.

అయితే బడిలో మౌనం పనికిరాదని తొందరపడి తీర్మానించకండి. తెలుగు నేల మీదే దానికి మంచి ఉదాహరణ ఉంది. మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి ఆలోచనలతో నడిచే రిషి వ్యాలీ పాఠశాలలో ‘అస్తాచల్’ అనే అలవాటు ఉంది. సాయంత్రం పిల్లలంతా కూర్చుని, మాట్లాడకుండా పొద్దు గుంకడం చూస్తారు. అది ఒత్తిడి తగ్గించే చికిత్స అని ఎవరూ ప్రకటించలేదు, దాని ఫలితాన్ని కొలవడానికి స్కేలూ పెట్టలేదు. కృష్ణమూర్తి పోల్చడాన్ని, పోటీని విద్యలో హింసగా చూశాడు. ఆ సాయంత్రపు మౌనానికి ముందు గడిచిన పగలు కూడా ఆ భావానికి తగ్గట్టు ఉండాలని కోరాడు. రోజంతా ర్యాంకుల వెంట తరిమి ప్రార్థన సమయంలో మాత్రం పది నిమిషాలు శ్వాస గమనించమంటే, ఆ రెండు పనుల్లో పిల్లలు దేన్ని నమ్మాలి? రిషి వ్యాలీ ఫీజు కట్టగలిగినవాళ్ళ సంఖ్య చాలా తక్కువన్నదీ నిజమే. కాని పగటిని మార్చకుండా ఆ సాయంత్రాన్ని మాత్రం అరువు తెచ్చుకోలేమన్నది కూడా అంతే నిజం.

ఇక మన ఇంటర్మీడియట్ దగ్గరికి వద్దాం. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాల్లో తప్పులు దొర్లాయి. తెలుగు పేపర్లో 99 మార్కులు వచ్చిన ఒక విద్యార్థినికి సున్నా వేశారు. ఫలితాల తర్వాత ఇరవై మంది దాకా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు. ఆందోళనలు జరిగాక ప్రభుత్వం త్రిసభ్య కమిటీ వేసింది, ఫెయిలైనవారందరి జవాబు పత్రాలను ఉచితంగా తిరిగి పరిశీలింపజేసింది. ఆ అమ్మాయికి ఆ వారం ఎవరైనా ‘మనసు నిలుపుకో’ అని చెప్పి ఉంటే ఏమనాలి? ఆమెకు కావలసింది జవాబు పత్రాన్ని మళ్ళీ తీసి చూడటం. మనసులోని బాధకు కారణం మనసు బయట ఉన్నప్పుడు, మనసును మాత్రమే సరిదిద్దమనే విధానం ఎవరికి వెసులుబాటు ఇస్తుందో ఆలోచించండి. అమెరికన్ ఆచార్యుడు రోనాల్డ్ పర్సర్ 2019లో ‘మెక్‌మైండ్‌ఫుల్‌నెస్’ అనే పుస్తకంలో ఇలాంటి అభ్యంతరమే తెచ్చాడు: ఒత్తిడిని పుట్టించే వ్యవస్థ అలాగే ఉంటుంది, దాన్ని తట్టుకునే బాధ్యత మాత్రం వ్యక్తి మీద పడుతుంది.

దీనికి ఎదురుగా మరో రకమైన రచనను చదవండి. విశాఖపట్నంలో నీట్‌కు చదువుతున్న 17 ఏళ్ళ అమ్మాయి 2023లో చనిపోయింది. తండ్రి న్యాయం కోసం సుప్రీంకోర్టు దాకా వెళ్ళాడు. 2025 జూలై 25న కోర్టు దర్యాప్తును సీబీఐకి అప్పగిస్తూనే దేశమంతటికీ 15 మార్గదర్శకాలు జారీ చేసింది. వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న సంస్థలో కనీసం ఒక అర్హత గల కౌన్సెలర్ ఉండాలి. మార్కులను బట్టి పిల్లలను బ్యాచ్‌లుగా విడదీయడం, నలుగురిలో అవమానించడం మానాలి. సిబ్బందికి ఏటా రెండుసార్లు శిక్షణ ఇవ్వాలి. ఈ వాక్యాల్లో కర్త ఎవరో చూడండి. మైండ్‌ఫుల్‌నెస్ కరపత్రంలో ‘పిల్లలు చేయాలి’ అని ఉంటుంది, ఇక్కడ ‘సంస్థ చేయాలి’ అని ఉంది. తెలుగు రాష్ట్రాల్లో చదువుకున్నవారికి ‘స్టార్ బ్యాచ్’ అంటే ఏమిటో వివరించనక్కరలేదు. కోర్టు వేలు పెట్టింది సరిగ్గా అక్కడే.

ఈ తీర్పులోనూ లోటు లేకపోలేదు. వంద మంది కంటే తక్కువ ఉన్న బడులు బయటి నిపుణులతో సంబంధం పెట్టుకుంటే చాలంది. మన ఊళ్ళలో ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలు చాలావరకు ఆ కోవలోకే వస్తాయి. ఇంకో చిక్కు భాషలో ఉంది. మన దగ్గర ‘కౌన్సెలింగ్’ అంటే ఈఏపీసెట్ తర్వాత సీట్లు కేటాయించడం. తాగి బండి నడిపినవాడికి పోలీసులు ఇచ్చేదీ కౌన్సెలింగే. మీ స్టడీ సెంటర్లో ఆదివారం పాఠాన్నీ అదే పేరుతో పిలుస్తాం! ఒక పిల్ల వచ్చి కూర్చుంటే ఓపికగా వినే మనిషి అన్న అర్థం ఆ మాటకు ఇంకా రావలసి ఉంది. కౌన్సెలర్ పోస్టును ఉన్న లెక్చరర్‌కే అదనపు బాధ్యతగా అంటగడితే, పేరు రిజిస్టర్లో ఉంటుంది, వినేవాళ్ళు ఉండరు. వినే మనిషి కావాలని మీకు గాని, మీ ఇంట్లో చదువుకునే పిల్లలకు గాని అనిపిస్తే టెలి-మానస్ నంబరు 14416 ఉంది. 2022 అక్టోబరు నుంచి పనిచేస్తోంది, ఉచితం, తెలుగులో మాట్లాడవచ్చు.

అభ్యాసం: మీకు తెలిసిన ఇద్దరు విద్యార్థులను ఎంచుకోండి. ఒకరు ప్రైవేటు బడి నుంచి, ఒకరు ప్రభుత్వ బడి నుంచి అయితే మంచిది. వారి అనుమతితో ఒక రోజును గంటల వారీగా రాసుకోండి: లేచిన వేళ, ప్రయాణం, తరగతులు, ట్యూషన్, ఆట, నిద్ర. ఆ రోజులో మైండ్‌ఫుల్‌నెస్ లేదా ధ్యానం పీరియడ్ ఉంటే గుర్తించండి. తర్వాత ఇద్దరినీ ఒకటే అడగండి: ఇందులో ఒక్క గంటను మార్చే అధికారం నీకిస్తే ఏ గంటను మారుస్తావు? వారు చెప్పిన జవాబును వారి మాటల్లోనే రాసి, దాన్ని మార్చగలవారు ఎవరో పక్కన రాయండి. రెండు పుటలు మించకూడదు.