ఇంట్లో వెలి

రాబర్ట్ ఎగర్స్ సినిమా 'ది విచ్' (2015) కథ 1630ల న్యూ ఇంగ్లండ్‌ది. మతం విషయంలో తగువుపడి వెలికి గురైన కుటుంబం అడవి అంచున బతుకుతుంటుంది. పెద్దకూతురు థామసిన్ ఆడిస్తుండగానే పసివాడు మాయమవుతాడు. మంత్రగత్తె ఉందని సినిమా మొదట్లోనే చూపిస్తుంది. అయినా మమ్మల్ని వణికించింది తండ్రి మౌనం. భార్య వెండి గిన్నెను తానే అమ్ముకుని, నింద కూతురి మీద పడుతుంటే నోరు విప్పడు. తర్వాత భార్య దగ్గర ఒప్పుకున్నా, ఆ పిల్లనే అనుమానించి కవలలతోపాటు మేకల కొట్టంలో పెట్టి తలుపు బిగిస్తాడు. ఊరు వెలివేస్తే తలవంచనివాడు ఇంట్లో తానే ఊరవుతాడు. వెలి బాధ తెలిసినంత మాత్రాన న్యాయం తెలిసినట్టు కాదు. చివర్లో థామసిన్ అడవిలోకి నడుస్తుంది. ఆమెను పిలిచింది నల్ల మేకపోతే కావచ్చు. సాగనంపింది మాత్రం ఇల్లే.