కార్యాలయ తెలుగు: పదకోశం తరువాత చేయవలసిన పని

వ్యాససంగ్రహం:
కార్యాలయ తెలుగు సంస్కరణ ప్రధానంగా పదాలపై దృష్టి నిలిపింది. లోపం మాత్రం వాక్యనిర్మాణంలోనూ సమాచార క్రమంలోనూ ఎక్కువగా ఉంది. దాన్ని సరిదిద్దడానికి నిపుణుల భాషాపరిష్కరణ, ఉద్యోగుల లేఖన శిక్షణ కలిసి సాగాలని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: కార్యాలయ భాష, అధికార భాష, పరిష్కరణ, కర్మణి ప్రయోగం, లేఖన శిక్షణ.

1. ఉపోద్ఘాతం:
ఆంధ్రప్రదేశ్ అధికార భాషా చట్టం 1966లో వచ్చింది. 1974లో వావిలాల గోపాలకృష్ణయ్య అధ్యక్షతన అధికార భాషా సంఘం ఏర్పడింది. ఇంగ్లీషు పాలనాపదాలకు తెలుగు సమానార్థకాలను సమకూర్చిన పదకోశాలు ఈ దిశగా జరిగిన కృషిలో ముఖ్యభాగం. ఆ కృషి విలువైనది. అయితే పదకోశం మాటను ఇస్తుంది, వాక్యాన్ని ఇవ్వదు. తెలుగు పదాలతో రాసినంత మాత్రాన ఉత్తరం తెలుగు ఉత్తరం కాదు.

2. నమూనా వాక్య పరిశీలన:
చర్చ కోసం కార్యాలయ ధోరణిలో నిర్మించిన ఈ వాక్యాన్ని చూడవచ్చు: "తమరు సమర్పించిన దరఖాస్తు పరిశీలించబడి, దానికి జతపరచవలసిన ధ్రువపత్రములు జతపరచబడనందున, సదరు దరఖాస్తు తిరస్కరించబడినదని ఇందుమూలముగా తెలియజేయడమైనది."

ఇందులో అర్థంకాని పదం దాదాపు లేదు. అయినా దరఖాస్తుదారుకు కావలసినది దొరకదు. 'బడు' ప్రయోగాల వల్ల నిర్ణయం తీసుకున్నదెవరో మరుగున పడింది. కర్తరి ప్రయోగానికి మొగ్గే తెలుగులో ఇది ఇంగ్లీషు కర్మణి వాక్యానికి నీడ. అంతకంటె పెద్ద లోపం సమాచారానిది: ఏ ధ్రువపత్రం లోపించింది? ఇప్పుడేం చేయాలి? ఈ ప్రశ్నలకు జవాబు లేదు.

పరిష్కరించిన రూపం ఇలా ఉండవచ్చు: "మీ దరఖాస్తుకు ఆదాయ ధ్రువపత్రం జతచేయలేదు. అందువల్ల దాన్ని తిరస్కరించాం. ధ్రువపత్రంతో మళ్లీ దరఖాస్తు చేసుకోవచ్చు."

ఇక్కడ 'ఆదాయ' అన్న మాటను, చివరి వాక్యాన్ని పరిష్కర్త స్వయంగా చేర్చలేడు. రాసిన ఉద్యోగిని అడిగి తెలుసుకోవాలి. కాబట్టి పరిష్కరణ అంటే అచ్చుతప్పులు దిద్దడం మాత్రమే కాదు. చదివేవారి పక్షాన రాసినవారిని ప్రశ్నించడం.

3. పరిష్కరణకు తెలుగులో ఉన్న ఆధారం:
ఈ పని తెలుగుకు కొత్త కాదు. విలేకరి పంపిన వార్తను పత్రికల్లో ఉపసంపాదకుడు తిరగరాస్తాడు. భాషాశాస్త్రవేత్త బూదరాజు రాధాకృష్ణ ఈనాడు జర్నలిజం పాఠశాల ప్రిన్సిపాల్‌గా పాత్రికేయులకు భాషలో శిక్షణనిచ్చారు. అంటే తెలుగు పత్రికారంగంలో శిక్షణ, దిద్దుబాటు రెండూ వృత్తిలో భాగాలయ్యాయి. కార్యాలయంలో ఫైలు కింది ఉద్యోగి నుంచి పై అధికారి దాకా వెళ్లినా, ఆ దశల్లో ప్రధానంగా చూసేది నిబంధనను, పాఠకుణ్ణి కాదు.

4. శిక్షణ - పరిమితులు:
బ్రిటన్‌లో ఖజానా శాఖ కోరికపై ఎర్నెస్ట్ గోవర్స్ అధికారుల కోసం రాసిన 'ప్లెయిన్ వర్డ్స్' 1948లో వెలువడింది. అమెరికా 2010లో చేసిన సరళ లేఖన చట్టం ఫెడరల్ సంస్థలు తమ ఉద్యోగులకు శిక్షణ ఇవ్వాలని నిర్దేశించింది. అమలును పర్యవేక్షించే ఏర్పాటునూ కోరింది. శిక్షణ ఒక్కటే చాలదన్న గ్రహింపు ఇందులో కనిపిస్తుంది.

మన కార్యాలయాలకూ ఇది వర్తిస్తుంది. శిక్షణ పొందిన ఉద్యోగి తన బల్ల దగ్గరికి తిరిగి వచ్చాక పాత ఫైలులోని నమూనానే ముందు పెట్టుకుంటాడు. మారవలసింది ముందుగా ఆ నమూనా. ఒక నోటీసు నమూనాను పరిష్కర్త ఒక్కసారి బాగుచేస్తే, దాని ఆధారంగా వెళ్లే ప్రతి నోటీసూ బాగుపడుతుంది. ఆ మార్పులకు కారణాలను ఉద్యోగులతో చర్చించడమే మంచి శిక్షణ.

5. ఒక ఆక్షేపణ:
సరళత వల్ల చట్టపరమైన కచ్చితత్వం దెబ్బతింటుందన్నది గట్టి ఆక్షేపణే. అయితే 'అడంగల్', 'పహాణీ', 'పట్టా' వంటి పారిభాషిక పదాలను మార్చనవసరం లేదు. రైతులకు అవి తెలిసినవే. 'ఇందుమూలముగా' తొలగించినంత మాత్రాన ఉత్తర్వు బలం తగ్గదు. పైన పేర్కొన్న అమెరికా చట్టం కూడా నిబంధనావళిని తన పరిధి నుంచి మినహాయించి, ప్రజలకు చేరే పత్రాలపైనే దృష్టి పెట్టింది. చట్టపాఠం వేరు, దాన్ని పౌరునికి తెలిపే ఉత్తరం వేరు. నిజానికి అప్పీలు గడువును పొడవైన వాక్యం నడుమ దాచిన నోటీసే కచ్చితత్వానికి ఎక్కువ హాని చేస్తుంది. ఆ గడువును గమనించని పౌరుడు హక్కునే కోల్పోవచ్చు.

6. ముగింపు:
- కార్యాలయ తెలుగు సంస్కరణకు ప్రమాణం తెలుగు పదాల సంఖ్య కాదు. పాఠకుడు తాను చేయవలసినది గ్రహించగలగడం.
- పరిష్కరణ లేని శిక్షణ నిలవదు. శిక్షణ లేని పరిష్కరణ ఉద్యోగిని ఎప్పటికీ ఇతరులపై ఆధారపడేలా చేస్తుంది.
- తెలుగు శాఖలు వ్యాకరణ బోధనను నిజమైన కార్యాలయ పత్రాల పరిష్కరణతో జోడించాలి. కర్మణి ప్రయోగానికి నిర్వచనం చెప్పగల విద్యార్థి, ఒక నోటీసులో దానివల్ల పౌరునికి కలిగే నష్టాన్ని కూడా చూపగలగాలి. అప్పుడు అతని చదువుకు ఒక వృత్తి, కార్యాలయానికి ఒక పరిష్కర్త లభిస్తారు.