తాండూరు పార్లర్ అక్క పనితనం
తాండూరు నాపరాళ్ల ఊరు. సున్నపురాయి నేలలో ఊరిన నీళ్లకు కాఠిన్యం ఎక్కువ, జుట్టు బిరుసెక్కుతుంది. అందుకే ఇక్కడా, వికారాబాద్‌లోనూ స్మూతెనింగ్ చేసే పార్లర్ అక్కలంటే నాకు గౌరవం.

పనిమంతురాలు క్రీము డబ్బా తెరవకముందే తల చూస్తుంది. పుండ్లున్నాయా, హెన్నా పెట్టారా, రంగు వేశారా? ఒక పాయ మీద ముందు పరీక్షిస్తుంది. థయోగ్లైకొలేట్ క్రీము వెంట్రుకలోని గంధకపు బంధాలను విడదీస్తే, న్యూట్రలైజర్ వాటిని కొత్త ఆకారంలో మళ్లీ కలుపుతుంది. ఆ మధ్య సమయమే అసలు విద్య. గడియారం చూస్తూనే పాయను వేళ్లతో సాగదీసి, చాలనిపించగానే కడిగేస్తుంది. మాడుకు మందు తగలనివ్వదు. మళ్లీ వెళ్తే కొత్తగా పెరిగిన జుట్టుకే రాస్తుంది.

జుట్టు తట్టుకోదనిపిస్తే "ఈసారి వద్దమ్మా, కండిషనర్ పెట్టి పంపిస్తా" అని వచ్చిన బేరాన్ని వదులుకునే అక్క దగ్గరికే వెళ్లండి.