స్టీవెన్సను దక్షిణసముద్రయాత్రాగ్రంథము – లోపవిచారము

యాత్రాగ్రంథములను పరీక్షించునప్పుడు మనము సామాన్యముగా రెండు ప్రశ్నలతో తృప్తి నొందుదుము. గ్రంథకర్త యే స్థలములను చూచెను? చూచినదానిని ఎంత రమ్యముగా వర్ణించెను? ఈ రెంటికంటెను ముఖ్యమైన మూడవ ప్రశ్న యొకటి కలదు. పరజనుల యాచారమును ఆతడు ఏ ప్రమాణముచేత గ్రహించెను? ఆ ప్రమాణ మెంతదూరము చెల్లును? స్కాట్లండు దేశీయుడగు రాబర్టు లూయీ స్టీవెన్సను ఆంగ్లమున రచించిన 'దక్షిణసముద్రములందు' అను గ్రంథము ఈ ప్రశ్నకు తగిన పరీక్షాస్థానము. అందు ఆతడు ద్వీపభాషలను గూర్చి చెప్పిన యొక చిన్నమాటలో గ్రంథమంతటి గుణమును దోషమును ఇమిడియున్నవి. వ్యాకరణము చదివినవాడు ఆ మాటను చూచి యూరకుండజాలడు. అదియే యీ వ్యాసమునకు కారణము.

ముందుగా యాత్రాక్రమము. స్టీవెన్సను శ్వాసకోశరోగపీడితుడై, ఆరోగ్యము గోరి, 1888 జూన్ నెలాఖరున శాన్‌ఫ్రాన్సిస్కో రేవున కాస్కో అను నోడ నెక్కెను. అది రెండు కంబములు గల తెరచాపల యోడ. దాని పరిమాణము 74 టన్నులు. తల్లియు భార్యయు ఆమె కుమారుడును వెంట నుండిరి. జూలైలో ఆ యోడ మార్కెసాసు ద్వీపములలోని నూకుహివాయందు, అనహో యను చిన్న యఖాతమున లంగరు వేసెను. పిమ్మట పౌమోటు పగడపుదీవులను, తహీతిని, హవాయిని చూచి, 1889లో ఈక్వేటరు అను వర్తకపు తెరచాపయోడలో గిల్బర్టు ద్వీపములకు, అనగా నేటి కిరిబాటి దేశమునకు, పోయి, ఆ సంవత్సరము డిసెంబరులో సమోవా చేరెను. ఈ యాత్రావిషయకములగు వ్యాసములు 1891లో పత్రికలయందు వెలువడినవి. 1894 డిసెంబరు 3వ తేదీన గ్రంథకర్త సమోవాలో మరణించిన పిదప, 1896లో గ్రంథరూపమున నచ్చుపడినవి.

ఈ గ్రంథమునకు ఆదినుండియు ఒక యాక్షేపము కలదు. 'ట్రెజరు ఐలండు' వ్రాసినవాడు సముద్రమెక్కినచో సాహసకథలు చెప్పునని జను లెదురుచూచిరి. ఆతడు స్వానుభవమును తగ్గించి, భాషలు, కట్టుబాట్లు, భూమిహక్కులు, జనక్షయము అను విషయములను విచారించెను. భార్యయగు ఫానీయు, మిత్రుడగు సిడ్నీ కాల్విను అను విమర్శకుడును ఈ పద్ధతిని మెచ్చలేదు. రసము పోయి శాస్త్రము మిగిలినదని వారి తాత్పర్యము. ఈ యాక్షేపము నిలువదని నా మతము. జనపదమును గూర్చి వ్రాయువాడు తన్ను గూర్చి తక్కువగా వ్రాయుట దోషము కాదు, గుణమే. గ్రంథమునందు దోషము లేకపోలేదు. అది వేరొకచోట నున్నది.

తెరచాపయాత్ర యీ గ్రంథమునకు చేసిన మేలు నొకటి ముందు చెప్పవలయును. పొగయోడ దినమును నిర్ణయించుకొని వచ్చును, దినమును నిర్ణయించుకొని పోవును. తెరచాపయోడకు గాలియే యజమానుడు. తహీతిలో కాస్కో కంబములు పుచ్చిపోయినట్లు బయటపడగా, వానిని బాగుచేయువరకు స్టీవెన్సను కుటుంబము తౌతీరా గ్రామమున ఓరి యను నాయకుని యింట అతిథులై నిలిచిరి. అచ్చట ఓరియు స్టీవెన్సనును పరస్పరము పేళ్లు మార్చుకొనిరి. ఆ దేశమున అది సోదరత్వమునకు గుర్తు. ఈ వృత్తాంతము గ్రంథమున లేదు, లేఖలవలన తెలియుచున్నది. గిల్బర్టు ద్వీపములలోని అపెమామాయందును ఇట్లే జరిగెను. ఓడ తిరిగి వచ్చుట యాలస్యము కాగా, అతిథులకు ఆ దీవి రాజగు తెంబినోకుతో బహుదినపరిచయము కలిగెను. ఆ రాజు కవి. నీ పాటలలోని వస్తు వేమని యడుగగా, ప్రియురాండ్రు, చెట్లు, సముద్రము అనియు, అవి నిజములు కావు, కల్పనలే యనియు ఆతడు బదులు చెప్పెనట. కావ్యము అసత్యార్థమును చెప్పునను పూర్వపక్షమును రాజశేఖరుడు కావ్యమీమాంసయందు ఎత్తుకొని ఖండించెను. అపెమామా రాజు ఆ పూర్వపక్షమునే సిద్ధాంతముగా నంగీకరించి, నిశ్చింతగా పాటలు కట్టుకొనుచుండెను! రెండుదినములలో పోవు యాత్రికునకు ఇట్టి మాట దొరకదు.

అయినను నిరీక్షణ మాత్రమే జ్ఞానమును కలిగింపదు. అనహోలో మొదటిదినమున ద్వీపవాసులు ఓడమీదికి వచ్చి, తెచ్చిన సరకులకు మిక్కిలి హెచ్చు వెలలు చెప్పి, కొననందున నవ్వుచు గేలిచేసిరి. మాట తెలియదు, ముఖభావము తెలియదు. గ్రంథకర్తకు అప్పుడు భయము కలిగినది, కొంత జుగుప్సయు కలిగినది. అతడు దానిని దాచలేదు. ఇట్టి స్థితినుండి స్నేహమునకు ఆతడు వేసికొన్న వంతెన యేది? అదియే మనము వెదకుచున్న ప్రమాణము.

ఆ ప్రమాణము ఉపమానము. నైయాయికులు చెప్పు దృష్టాంతము మనకు తెలిసినదే. గవయమును ఎరుగని నాగరికునకు, అది గోవువంటిదని అరణ్యవాసి చెప్పును. నాగరికుడు అడవికి పోయి ఆ పోలికచేత గవయమును గుర్తించును. స్టీవెన్సను ఈ క్రమమును తలక్రిందు చేసెను. ఇచట నాగరికుడే ముందు తన గోవును వర్ణించును; అది విని అరణ్యవాసి తన గవయమును చూపును. ఒక యాచారమును గూర్చి తెలిసికొనదలచినప్పుడు ఆతడు సూటిగా ప్రశ్నింపడు. స్కాట్లండు కొండసీమల పూర్వులలోని తత్సమమగు మొరటు నమ్మకమును, పగకథను, దయ్యపుకథను తానే ముందు చెప్పును. విందులో నల్ల ఎద్దుతలను పెట్టి అతిథులను చంపిన స్కాట్లండు కథను చెప్పగా, దానికి బదులుగా తహీతిలోని రాహేరో కథ దొరికెను. తన దేశపు కులపెద్దల చరిత్రము తెలిసియుండుటచేత తహీతి తేవా వంశమువారి చరిత్రము బోధపడెను. తన యాచారమునకు సిగ్గుపడవలసిన పని లేదని తెలిసికొన్నవాడే నోరు విప్పును. ప్రశ్నాపత్రము పట్టుకొని తిరుగు పరిశోధకులు గ్రహింపవలసిన సూక్ష్మ మిది.

ఈ పద్ధతికి ఫలము టాపు ప్రకరణమున స్పష్టముగా కనబడును. టాపు అనగా అర్థములేని నిషేధమని యూరోపీయులు తలచుచుండిరి. స్టీవెన్సను దానిని ధర్మశాస్త్రమునువలె చదివెను. పంటను కాపాడుటకు, సొత్తును రక్షించుటకు, తిండి యొదుగుటకు టాపు విధింపబడుచుండెనని నిరూపించెను. కష్టమైన భాగమును విడువలేదు. మార్కెసాసు స్త్రీలు పడవను సమీపింపరాదు; పురుషుడు రగిల్చిన నిప్పున వంట చేసికొనరాదు. బాటలును వంతెనలును పురుషులచే నిర్మింపబడినవి గావున, స్త్రీలు బాట ప్రక్క పొదలలోబడి నడచుచు, వంతెన చెంత నీటిలో దిగి దాటుచుండిరి. తాను పడవవలన ఆ తీరమును చేరినవాడు, అచటి స్త్రీలకు పడవయే నిషిద్ధమని గుర్తించి వ్రాయుట సామాన్యము కాదు.

ఇక మొదట సూచించిన భాషావిషయము. 'ఇల్లు' అను అర్థమున తహీతిలో ఫరే, న్యూజీలండు మావోరీలలో వ్హరే, సమోవాలో ఫలే, హవాయిలో హలే, మార్కెసాసులో హఎ. కడపటి రూపమున ర-లకారములకు బదులుగా కంఠమును క్షణకాలము మూసి విప్పుటవలన కలుగు విరామధ్వని మాత్రమే యున్నది. పాశ్చాత్యులు దానిని ఒక చిన్న కొమ్ముగుర్తుచేత వ్రాయుదురు. స్కాట్లండు జనులును ఆంగ్లపదముల నడిమి టకారమును ఇట్లే మింగుదురని గ్రంథకర్త చక్కగా గుర్తించెను. ఇంతవరకు నిర్దుష్టము. కాని యా ధ్వనిని ఆతడు నశించిన హల్లునకు సమాధిరాయిగా పోల్చెను. వైయాకరణుడు ఇచట నిలువవలసియున్నది.

పాణినిమతమున లోపమనగా మరణము కాదు, కనబడకపోవుట. ప్రత్యయము లోపించినను, దానిని నిమిత్తముగా గొన్న కార్యము ప్రవర్తించునని ఆయన విధించెను. ఇందులకు ఉదాహరణము మన యింటనే కలదు. 'చేయన్' మీద 'పడెను' చేరగా, ద్రుతనకారమునకు పరమైన పకారము బకారమగును; నకారము అరసున్నగా మారును. ఆ యరసున్న యుచ్చారణమునుండి ఎప్పుడో తొలగినది. ముద్రణమునుండియు తొలగినది, ఈ వ్యాసమునందును లేదు. అయినను నేటి వార్తాపత్రికయు 'చేయబడినది' అని బకారముతోనే వ్రాయును. నకార మెవరికిని కనబడదు. అది చేసిన పని యందరి నోటను ఉన్నది. అరసున్నను సమాధిరాయి యనవచ్చునా? అనరాదు. అది గృహమునుండి బయలుదేరినవాడు వాకిట విడిచిన పాదుకవంటిది.

ఈ యొక్క యుపమాదోషము గ్రంథమంతట వ్యాపించినది. మార్కెసాసు జాతి తన కన్నులయెదుట మరణించుచున్నదని స్టీవెన్సను నమ్మెను. ఆతని పక్షమున బలమైన హేతువులు కలవని యొప్పుకొనవలయును. హపా యను తెగలో నాలుగువందలమంది యుండగా, మశూచికమువలన నాల్గవవంతు పోయిరి. పిమ్మట క్షయరోగము వ్యాపింపగా, ఏడాది తిరుగకుండ ఒక పురుషుడును ఒక స్త్రీయు మాత్రమే మిగిలిరని ఆతడు విన్నాడు. ఆతడు కేవలము విలపింపక కారణమును వెదకెను. మార్పులు తక్కువగా కలిగినచోట జాతి నిలుచుననియు, ఎక్కువగా కలిగినచోట క్షీణించుననియు, పూర్వపు వేడుకలు నిషేధింపబడుటయు జీవనేచ్ఛను చంపుననియు సిద్ధాంతీకరించెను. విదేశీయులు తెచ్చిన రోగములే ప్రధానకారణములైనను, ఆటపాటలకు ప్రాణముతో సంబంధము కలదని చెప్పిన యీ భాగము గ్రంథమునకు శిరోభూషణము.

తరువాతి చరిత్ర మేమి? 1920ల నాటికి ఆ ద్వీపముల జనసంఖ్య సుమారు 2000కు దిగినది. అంతవరకు స్టీవెన్సను భయము నిజమైనది. కాని యచట క్షయము నిలిచినది. 2017 జనగణనమున ఆ సంఖ్య 9000 దాటినది. 1978లో మోటు హాకా యను సంస్కృతిసంఘ మేర్పడినది. 1987లో మటవా యను ద్వీపోత్సవ మారంభమైనది. నృత్యములు, మద్దెలలు, పచ్చబొట్టు విద్య మరల వీథికెక్కినవి. 2024లో ఆ ద్వీపములు యునెస్కోవారి ప్రపంచవారసత్వపు పట్టికలో చేరినవి. ఆటపాటలు లేనిచో జాతి నిలువదన్న స్టీవెన్సను సూత్రమే యిచట ఫలించినది. ఆతని తీర్పు మాత్రము తప్పినది. సూత్రము సరియై ఉదాహరణము తప్పుట శాస్త్రములందు అరుదు కాదు.

ఈ తప్పును సవరించుకొనుటకు వలసిన సాధనము ఆతని చేతిలోనే యుండెను. 1745 నాటి తిరుగుబాటు పిదప, 1746లో స్కాట్లండు కొండవారి గళ్లవస్త్రమును శాసనముచేత నిషేధించిరి. 1782లో ఆ శాసనము రద్దయినది. వస్త్రము మరల వెలసి దేశమున కంతటికి గుర్తైనది. మార్కెసాసు స్థితిని కొండవారి స్థితితో పోల్చిన గ్రంథకర్త, ఓటమివరకు పోల్చి, పునరుద్ధరణమును పోల్పక విడిచెను. ఉపమానము సగములో ఆగినది. పోలిక నెత్తుకొన్నవాడు దానిని తుదిదాక నడపవలయును.

మన యాత్రావాఙ్మయమును బోధించు పండితులకు ఇందు ప్రయోజనము కలదు. ఏనుగుల వీరాస్వామయ్యగారి కాశీయాత్రచరిత్రను (యాత్ర 1830–31, ముద్రణము 1838) పాఠశాలలో చెప్పునప్పుడు, మజిలీల పేళ్లను వల్లింపజేసి విడిచిపెట్టక, ఆయన దేనితో దేనిని పోల్చెను, ఆ పోలిక యెచట ఆగెను అని విద్యార్థుల నడుగవచ్చును. ఏ యూరియందైనను ఒక పాటయో పండుగయో మాటయో కనబడకున్నచో, నశించినదని వెంటనే వ్రాయక, దాని కార్య మెచటనైన నిలిచియున్నదేమో వెదకుడని వారికి చెప్పవలయును. పకారము బకారమైన చోటును చూచినవాడు నకారమును వెదకును. వెదకినవానికే అది దొరకును.