బల్లకు అటు మున్షీ, ఇటు లాయక్ అలీ

మొయినాబాద్ పక్కన పెద్దమంగళారంలో పుట్టిన కొండా వెంకట రంగారెడ్డి 1936లో షాద్‌నగర్ ఆంధ్ర మహాసభకు అధ్యక్షత వహించారు. వెట్టి పోవాలి, తెలుగు బడులు రావాలి, సభ పెట్టుకునే స్వేచ్ఛ కావాలి అని ఆ మహాసభలు ఏటేటా తీర్మానాలు చేశాయి. పన్నెండేళ్ల తర్వాత హైదరాబాద్ రాజ్యం గతి తేల్చడానికి ఢిల్లీ ప్రభుత్వమూ నిజాం ప్రభుత్వమూ బల్ల వేసుకుని కూర్చున్నాయి. ఆ తీర్మానాలు చేసినవాళ్లకు మాత్రం ఆ బల్ల దగ్గర చోటు దొరకలేదు. చేవెళ్ల, మొయినాబాద్ పల్లెల్లో నిలబడి ఆ సంప్రదింపుల పుస్తకాలు చదివితే మొదట కళ్లకు కొట్టొచ్చినట్టు కనిపించేది ఈ ఖాళీయే.

ఆ పుస్తకాల్లో ముఖ్యమైనవి రెండు. భారత ప్రభుత్వ ఏజెంట్ జనరల్‌గా హైదరాబాద్‌లో ఉన్న కె.ఎం.మున్షీ 1957లో తెచ్చిన ‘ది ఎండ్ ఆఫ్ యాన్ ఎరా’ ఒకటి. నిజాం చివరి ప్రధాని మీర్ లాయక్ అలీ పాకిస్తాన్‌కు వెళ్లిపోయాక 1962లో ప్రచురించిన ‘ట్రాజెడీ ఆఫ్ హైదరాబాద్’ రెండోది. నెలల తరబడి ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకున్నవాళ్లు ఒకే కథను చెరోవైపు నుంచి రాయడం అరుదు. ఒకరు గెలిచి రాశారు, ఒకరు ఓడి దేశం విడిచి రాశారు. అందుకే వీటిని విడివిడిగా చదివితే మోసపోతాం.

ముందు సందర్భం. 1947 అక్టోబరు చివర్లో భారత్‌తో యథాతథ ఒప్పందం ముసాయిదాకు నిజాం కార్యనిర్వాహక మండలిలో మెజారిటీ ఒప్పుకుంది. దాన్ని పట్టుకుని ఢిల్లీ బయల్దేరాల్సిన 27వ తేదీ తెల్లవారుజామున కాసిం రజ్వీ నాయకత్వంలోని రజాకార్ల గుంపులు ఛత్తారీ నవాబు, సర్ వాల్టర్ మాంక్టన్, సర్ సుల్తాన్ అహ్మద్ ఇళ్లను చుట్టుముట్టాయి. ప్రతినిధి వర్గం కదల్లేదు. నిజాం మనుషులను మార్చి వేరే వర్గాన్ని పంపాడు. చివరికి నవంబరు 29న ఏడాది కాలానికి సంతకాలయ్యాయి. వీధిలోని గుంపు రాజ్యం తరఫున మాట్లాడేది ఎవరో తేల్చేసిందంటే ఆ రాజ్యం లోపల ఏం జరుగుతోందో ఇంతకంటే రుజువు అక్కర్లేదు. లాయక్ అలీ ప్రధాని అయింది ఈ గుంపు ఘటన తర్వాతే.

అశాంతిని ఆయన చూసిన తీరే ఆయన పుస్తకంలో అన్నిటికంటే బలహీనమైన చోటు. ఆయన లెక్కలో గొడవంతా బయటి నుంచి వచ్చింది. సరిహద్దు అవతలి కాంగ్రెస్ శిబిరాల నుంచి దాడులు, ఢిల్లీ విధించిన దిగ్బంధం, వాటికి జవాబుగా రజాకార్లు. ఇందులో నిజం లేకపోలేదు. దిగ్బంధం ఉంది. ఉప్పు, పెట్రోలు, మందులు ఆగాయి. తాగునీటిని శుద్ధి చేసే క్లోరిన్‌ను కూడా రానివ్వడం లేదని హైదరాబాద్ ప్రభుత్వం మొర పెట్టుకుంది. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ల కింద భూములు పోగొట్టుకున్న మొయినాబాద్ ప్రాంతం వాళ్లకు ఆ నీళ్లు పట్నానికి ఎంత ప్రాణమో ఎవరూ చెప్పక్కర్లేదు. మున్షీ ఈ బాధను తేలిగ్గా తీసుకున్నారు, అది ఆయన లోపం. కానీ 1948 ఆగస్టు 21 సంగతి ఏమిటి? ఆ రోజే హైదరాబాద్ ప్రభుత్వం ఐక్యరాజ్యసమితి భద్రతా మండలికి ఫిర్యాదు పంపింది. భారత్‌లో చేరాలని రాసిన ‘ఇమ్రోజ్’ సంపాదకుడు షోయబుల్లాఖాన్‌ను ఆ రాత్రే పట్నం నడిబొడ్డున కాల్చి, చెయ్యి నరికి చంపారు. ప్రపంచం ముందు న్యాయం అడిగిన ప్రభుత్వం తన ఊళ్లో ఒక కలానికి రక్షణ ఇవ్వలేకపోయింది. ప్రధానిగా ఉన్న మనిషి దీనికి జవాబుదారీ. ఆ బరువు లాయక్ అలీ పుస్తకం మోయలేదు.

మున్షీ సంగతి వేరు. ఆయన గుజరాతీలో పేరున్న చారిత్రక నవలాకారుడు, ఆ చెయ్యి ఇక్కడా పనిచేసింది. పిసినారి నిజాం, ఊగిపోయే కాసిం రజ్వీ, మెత్తగా మాట్లాడే లాయక్ అలీ అందరూ పాత్రలై కళ్లముందు తిరుగుతారు. ఇంజనీరు, పారిశ్రామికవేత్త అయిన లాయక్ అలీ వచనంలో ఆ మెరుపు లేదు. అయినా ఢిల్లీలో మౌంట్‌బాటెన్‌తో, నెహ్రూతో, పటేల్‌తో జరిగిన మాటల వరస, ఏ షరతు ఎప్పుడు ముందుకు వచ్చి ఎప్పుడు వెనక్కి పోయిందో తెలుసుకోవాలంటే ఆయన దగ్గరికే వెళ్లాలి. ఎందుకంటే అసలు బేరసారాల నుంచి మున్షీని తరచూ పక్కన పెట్టారు. ఆ బాధను ఆయన దాచుకోలేదు కూడా.

నాకు అన్నిటికంటే ఆసక్తి కలిగించేది రాయబారి హద్దు ఏమిటన్న తగువు. 1948 జనవరిలో మున్షీ బొల్లారంలో దిగగానే అది మొదలైంది. ఏజెంట్ అంటే వ్యాపార వ్యవహారాలు చూసే మనిషి అన్నది నిజాం వైపు వాదన. ఢిల్లీ కన్నూ చెవీ నోరూ తానేనన్నది మున్షీ నడత. ఆయన ప్రభుత్వంతో మాట్లాడుతూనే ఆ ప్రభుత్వాన్ని ఎదిరిస్తున్నవాళ్ల సమాచారం తెప్పించుకున్నారు, పటేల్‌కు చేరవేశారు. ఆతిథ్యమిచ్చిన దేశపు ఇంటి వ్యవహారాల్లో రాయబారి తలదూర్చరాదని 1961 వియన్నా ఒడంబడిక రాసుకుంది. ఆ కొలతతో చూస్తే మున్షీ తప్పు చేసినట్టే. అయితే హైదరాబాద్ పరాయి దేశం అని ఒప్పుకుంటేనే ఆ కొలత పనిచేస్తుంది. లాయక్ అలీ పుస్తకమంతా ఆ ఒప్పుకోలు మీద నిలబడింది, మున్షీ పుస్తకమంతా దాని నిరాకరణ మీద. ఢిల్లీలో హైదరాబాద్ ఏజెంట్ జనరల్‌గా ఉన్న జైన్ యార్ జంగ్ ఇటువంటి తగువు పెట్టుకోలేదు. ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ కట్టడం వెనక ఉన్న ఆ వాస్తుశిల్పి తన పుస్తకం రాసి ఉంటే మనకు మూడో చూపు దక్కేది.

జనం గొంతు వినకపోవడంలో మాత్రం ఇద్దరూ ఒకే తల్లి బిడ్డల్లా ఉన్నారు. హైదరాబాద్ స్టేట్ కాంగ్రెస్ నాయకుడు స్వామి రామానంద తీర్థను నిజాం ప్రభుత్వం ఒప్పందం కుదరగానే విడిచింది, రెండు నెలలు తిరక్కుండా మళ్లీ జైల్లో పెట్టింది. నల్లగొండ, వరంగల్ పల్లెల్లో రైతులు దొరల గడీలను ఎదిరిస్తున్నారు. 1948 మేలో కమ్యూనిస్టు పార్టీపై నిషేధం ఎత్తేస్తే ఢిల్లీ దాన్ని రజాకార్లతో లాలూచీగా చూపింది. ఈ జనమంతా మున్షీకి వాదనలో సాక్ష్యం, లాయక్ అలీకి వాదనలో అడ్డంకి. పట్నం చుట్టూ ఉన్న అత్రాఫె బల్దా నిజాం సొంత ఖజానా భూమి, సర్ఫెఖాస్. అక్కడ దున్నుకునేవాడికి ఢిల్లీ ఏజెంటు ఎవరో, నిజాం ప్రభుత్వం పాకిస్తాన్‌కు ఇచ్చిన అప్పు ఏమిటో తెలియదు, వసూలుకు వచ్చే గిర్దావరు తెలుసు. ఆ మనిషి ఈ రెండు పుస్తకాల్లోనూ నోరు విప్పడు.

జూన్‌లో మౌంట్‌బాటెన్ ఇంటిదారి పట్టే ముందు ఇచ్చిన చివరి షరతుల్లో ప్రజాభిప్రాయ సేకరణ ఉంది, బాధ్యతాయుత ప్రభుత్వం ఉంది, రజాకార్లను అదుపు చేయడం ఉంది. నిజాం కాదన్నాడు. నా దృష్టిలో హైదరాబాద్ విషాదం ఆ రోజే జరిగింది, సెప్టెంబరులో కాదు. లాయక్ అలీ అక్కడ ఎక్కువసేపు ఆగి తన మండలిని తాను ప్రశ్నించుకోవాల్సింది.

సెప్టెంబరు 13న సైన్యం కదిలింది. షోలాపూర్ నుంచి వచ్చిన ప్రధాన దండు జహీరాబాద్ దారిన పట్నం చేరింది. 17న నిజాం లొంగాడు, మున్షీని పిలిపించాడు. గెలుపుతో మున్షీ కథ ఒడ్డుకు చేరుతుంది. అసలు కథ చేరలేదు. పండిత్ సుందర్‌లాల్ కమిటీ ఆ శీతాకాలంలో ఊరూరా తిరిగి, సైనిక చర్య సమయంలోనూ తర్వాతా 27,000 నుంచి 40,000 మంది చనిపోయారని అంచనా కట్టింది. వాళ్లలో అత్యధికులు ముస్లింలు. ఆ నివేదిక దశాబ్దాలు ప్రభుత్వ దస్త్రాల్లోనే ఉండిపోయింది. రజాకార్ల దౌర్జన్యాలను అంత సవివరంగా చూపిన మున్షీ కలం ఈ చావుల దగ్గర ఆగకపోవడాన్ని నేను క్షమించలేను.

రచనగా మున్షీది మేలు, సంప్రదింపుల సాక్ష్యంగా లాయక్ అలీది. మౌనంలో లాయక్ అలీది పెద్ద తప్పు, ఎందుకంటే అధికారం ఆయన చేతిలో ఉంది. చేవెళ్ల, మొయినాబాద్ కాలేజీల్లో చరిత్ర చెప్పే అధ్యాపకులకు నా మనవి ఒకటే. ఈ రెండు పుస్తకాలనూ సుందర్‌లాల్ నివేదికనూ కలిపి పిల్లల చేతుల్లో పెట్టండి. 1948ని కళ్లారా చూసిన ముసలివాళ్లు ఇంకా ఉన్న ఇళ్లకు ఆ పిల్లలను ఈ ఏడాదే పంపి, విన్నది విన్నట్టు రాయించండి.