ఆ రికార్డు ఎవరిది?

“ప్రింటు కొడితే కాగితం పక్క గదిలో వస్తోంది”, “సర్వర్ పేరు కొడితే ఇంకెవరిదో కంప్యూటర్ తెరుచుకుంటోంది”. ఏలూరు ఆఫీసుల నుంచి, తాడేపల్లిగూడెం కాలేజీల నుంచి నాకు ఇలాంటి ఫోన్లు వస్తుంటాయి. నేను వెళ్లేసరికి చాలాచోట్ల ఎవరో ఒకరు పేరుకు అడ్రసు చూపించే డీఎన్‌ఎస్‌లో పాత రికార్డు తీసేసి, కొత్తది చేత్తో రాసి ఉంటారు. ఆ పూటకి పని నడుస్తుంది. కానీ చేత్తో రాసిన రికార్డుకు కాలముద్ర ఉండదు. అందుకే అది పాతబడిందని సర్వర్‌కు తెలియదు, రేపు అడ్రసు మారినా అలాగే పడి ఉంటుంది.

డీహెచ్‌సీపీ సర్వర్ ప్రతి యంత్రానికీ ఐపీ అడ్రసును గడువు పెట్టి ఇస్తుంది; దీన్నే లీజు అంటారు. ఆ పేరునూ అడ్రసునూ డీఎన్‌ఎస్‌లో నమోదు చేసే పని కూడా దానికే అప్పగించవచ్చు. ఇందుకు దారి వేసింది 1997లో వచ్చిన ఇంటర్నెట్ ప్రమాణ పత్రం ఆర్‌ఎఫ్‌సీ 2136. మా కొల్లేరు వైపు చేపల చెరువు కౌలుదారు మారినా కాగితాల్లో పాత పేరే ఉండిపోతే ఎన్ని తగవులో! ఇక్కడి చిక్కూ అలాంటిదే.

విండోస్ డొమైన్‌లో హక్కున్న ఖాతాలే రికార్డు మార్చగలిగేలా సెక్యూర్ అప్‌డేట్ పెట్టుకుంటే, రికార్డును సృష్టించిన ఖాతాయే దాని యజమాని. పాత డీహెచ్‌సీపీ సర్వర్ తీసేసి కొత్తది పెట్టారనుకోండి, పాతది రాసిన రికార్డుల మీద కొత్తదానికి హక్కు ఉండదు. అడ్రసులు సక్రమంగా ఇస్తూనే ఉంటుంది, పేర్లు మాత్రం మారవు. అందుకే నేను ముందు రికార్డు సెక్యూరిటీ పేజీలో యజమాని ఎవరో చూస్తాను. తర్వాత లీజుల పట్టిక, ఆ తర్వాత సర్వర్ లాగ్. నమోదుకంటూ ఒక ప్రత్యేక ఖాతా పెట్టి, అన్ని డీహెచ్‌సీపీ సర్వర్లలోనూ దాన్నే ఇవ్వడం సరైన మందు. ఆ ఖాతా పాస్‌వర్డ్ గడువు తీరినా నమోదు ఆగిపోతుంది. దాన్నీ కనిపెట్టుకుని ఉండాలి.

రాయడం ఎంత ముఖ్యమో చెరపడమూ అంతే. విండోస్‌లో పాత రికార్డుల ఏరివేత గడువులు మామూలుగా 7 రోజులు, ఆపై మరో 7 రోజులు. విద్యార్థుల వైఫైకి 8 గంటల లీజు పెట్టి వీటిని అలాగే వదిలేస్తే, ఒకే అడ్రసు మీద పది పేర్లు పేరుకుంటాయి. లీజునూ ఏరివేతనూ ఒకేసారి కూర్చుని లెక్క చూసుకోవాలి.

ఈ పనిలోకి వస్తున్న పిల్లలకు నేను చెప్పేది ఇదే: డిలీట్ నొక్కే ముందు ఆ రికార్డు ఎవరు రాశారో కనుక్కోండి. అది తెలియకుండా చెరిపితే లక్షణం పోతుంది, రోగం ఉండిపోతుంది.