సైక్స్ వారి మూలపురుషుడు

ఆక్స్‌ఫర్డ్‌లో జన్యుశాస్త్రం చెప్పిన బ్రయాన్ సైక్స్‌కు ఒకసారి ఓ ప్రశ్న ఎదురైంది: మందుల కంపెనీ గ్లాక్సో ఛైర్మన్ రిచర్డ్ సైక్స్ మీకేమవుతారు? ఆయనకు తెలిసినంతలో ఏమీ కారు. అయినా రిచర్డ్‌గారి చెంప లోపల చిన్న బ్రష్‌తో రుద్ది నమూనా తీసుకున్నాడు. ఇద్దరి వై క్రోమోజోమూ కలిసింది!

అక్కడ తీగ దొరికింది. యార్క్‌షైర్, లాంకషైర్, చెషైర్ ప్రాంతాల్లో సైక్స్ ఇంటిపేరున్న మగవాళ్ల నమూనాలు తెప్పించి, 48 మందివి పరీక్షించాడు. ఉత్తర ఇంగ్లండ్‌లో ఆ పేరు చిన్న వాగును సూచిస్తుంది. వాగు ఒడ్డున కాపురమున్న ఎవరికైనా తగిలే పేరు కనుక, చాలాచోట్ల విడివిడిగా పుట్టి ఉంటుందని అనుకునేవారు. 2000లో వెలువడిన ఫలితం వేరేగా ఉంది. దాదాపు సగం మందిది ఒకే వై. అంటే, సుమారు ఏడు వందల ఏళ్ల కిందటి ఒక్క మూలపురుషుడి వంశం.

కొడుక్కి తండ్రి నుంచి ఇంటిపేరుతో పాటు వై క్రోమోజోమూ వస్తుంది. అందులో కొన్నిచోట్ల ఒక చిన్న డీఎన్‌ఏ ముక్క పదిసార్లో పద్నాలుగుసార్లో వరసగా వస్తుంది. ఆ చోటును మార్కర్ అంటారు. తరాలు గడిచేకొద్దీ ఎక్కడో ఒక అంకె పెరుగుతుంది, లేదా తగ్గుతుంది. ఇద్దరి అంకెల మధ్య తేడాలు ఎంత తక్కువైతే ఉమ్మడి తాత అంత దగ్గరివాడు. సైక్స్ చూసినవి నాలుగే మార్కర్లు. ఇప్పుడు 37, 111 మార్కర్ల పరీక్షలు దొరుకుతున్నాయి.

మరి మిగతా సగం మంది? పెంపకాలు, పెళ్లి బయటి పుట్టుకలు తరానికి సగటున 1.3 శాతం ఉన్నా, ఏడు వందల ఏళ్లలో అంత తేడా పోగుపడుతుందని సైక్స్ లెక్క.

అన్ని పేర్లూ ఇలా కలిసిరావు. లెస్టర్ విశ్వవిద్యాలయంలో టూరీ కింగ్, మార్క్ జాబ్లింగ్ 40 ఇంటిపేర్లను పరిశీలించి 2009లో ఫలితాలు ప్రకటించారు. అరుదైన అటెన్‌బరో పేరువాళ్లలో 70 శాతానికి పైగా ఒకే వంశం. స్మిత్‌లు మాత్రం దారినపోయేవాళ్లకన్నా దగ్గరివాళ్లేం కారు. స్మిత్ అంటే కమ్మరి, కమ్మరి ప్రతి ఊళ్లోనూ ఉండేవాడు మరి.

రాజవంశాలకూ మినహాయింపు లేదు. 2012లో లెస్టర్ కార్ పార్కింగ్ కింద బయటపడిన ఇంగ్లండ్ రాజు మూడవ రిచర్డ్ ఎముకల్లో తల్లివైపు డీఎన్‌ఏ నేటి బంధువులతో కలిసింది. కాగితాల ప్రకారం తండ్రివైపు బంధువులైన అయిదుగురి వై మాత్రం కలవలేదు.

తెలుగునాట ఇంటిపేరు కలిస్తే వెంటనే వచ్చే మాట, “మీదే ఊరు? గోత్రమేంటి?” అని. ఆ ఆరా అవసరమే. ఊళ్ల నుంచి వచ్చిన ఇంటిపేర్లు చాలా ఉన్నాయి. ఒకే పేరు వేర్వేరు కులాల్లోనూ కనిపిస్తుంది. దత్తత వెళ్లిన కొడుకు పెంచిన తండ్రి ఇంటిపేరు పెట్టుకుంటాడు, వై మాత్రం కన్నతండ్రిదే. కాబట్టి వై కలవలేదని ఏ ముత్తవ్వనో అనుమానించే ముందు దత్తపత్రాలు, పొలం దస్తావేజులు తిరగేయాలి.

పరీక్షకు సొంత అన్నదమ్ములకన్నా, ఎప్పుడో విడిపోయి వేరే ఊళ్లో స్థిరపడ్డ పాయవాళ్లను ఒప్పించడం మేలు. ఆడవాళ్లకు వై ఉండదు కనుక, ఉత్సాహపడ్డ ఆడపడుచు అన్ననో బాబాయినో బతిమాలుకోక తప్పదు. ఫలితం ఆ ఒక్కడితోనే ఆగదు. ఆ పాయలో మగవాళ్లందరి గుట్టూ అందులోనే ఉంటుంది. నమూనా పంపేలోపే వాళ్ల చెవిన ఒక మాట వేయాలి.